తుపాకి చప్పుడు - తూటా వేగం

తుపాకి పేలినది అని ఏకవచనంలో చెప్పుకోవడం మనకు అలవాటు. దూరాన నిలబడి శ్రద్ధగా వినేవారికి మాత్రం ఆ పేలుడులో రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. మొదట ఎండిన కొమ్మ విరిచినట్లు ‘ఫెళ్’ మని ఒకటి. దాని వెంట కొంత ఆలస్యంగా, మూసి ఉన్న తలుపును ఎవరో భుజంతో మోదినట్లు ‘ధన్’ మని మరొకటి. మొదటిది గుండు చేసే చప్పుడు. రెండవది తుపాకి చేసే చప్పుడు. రెండింటికీ పుట్టుక వేరు, నడక వేరు. రెండవదానిని అణచడానికి ఒక పరికరం ఉన్నది. మొదటిదానికి ఆ పరికరం పనికిరాదు. గుండు వేగాన్నే తగ్గించవలసి ఉంటుంది. నేటి మన ప్రసంగ విషయం ఇదే.

మాటల సంగతి ముందుగా తేల్చుకొందాము. వాడుకలో తూటా అన్నా గుండు అన్నా ఒకటే అయిపోయినది. ఇక్కడ తూటా అంటే ఒక ఇత్తడి డొప్ప, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ, డొప్ప కడుపులో మందు, మూతిలో బిగించిన గుండు - ఈ నాలుగూ కలిసిన వస్తువు. గుండు అంటే గొట్టం నుండి బయటికి దూసుకొనిపోయే లోహపు ముక్క మాత్రమే.

తుపాకి చప్పుడును అర్థం చేసుకోవడం సులభం. టోపీకి సూది తగలగానే మందు అంటుకొని, కన్నుమూసి తెరిచేలోగా వాయువుగా మారుతుంది. నేటి రైఫిళ్ళలో ఆ వాయువు పీడనం ఒక దశలో వాతావరణ పీడనానికి మూడు వేల రెట్లు దాటుతుంది. గుండును గొట్టం పొడవునా నెట్టుకొనిపోయిన తరువాత కూడ దానిలో ఎంతో బలం మిగిలే ఉంటుంది. గుండు మూతి దాటిన మరుక్షణం ఆ వేడి వాయువు బయటి గాలి మీద ఒక్కసారిగా విరుచుకొని పడుతుంది. ‘ధన్’ అన్న మ్రోత అదే. గోళీసోడా కొట్టినప్పుడు వచ్చే చప్పుడు దీనికి చిన్న తమ్ముడు.

గుండు చప్పుడు ఇంత సులభంగా అంతుపట్టేది కాదు. శబ్దానికి ఒక వేగం ఉన్నది. మెరుపు కనిపించినది మొదలు ఉరుము వినబడేవరకు లెక్కపెట్టి, మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరాన పడినదో చెప్పవచ్చునని చాలామందికి తెలుసు. గోలకొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సారులో వినబడడం చూచి యాత్రికులు ఆశ్చర్యపడతారు; ఆ చప్పట్ల ధ్వని కూడ తన వేగాన్ని బట్టి, తనకు కావలసిన కాలం తీసుకొనే పైకి చేరుతుంది. ఈ వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సెకండుకు 331 మీటర్లు; 20 డిగ్రీల వద్ద 343; మన ఎండాకాలపు 40 డిగ్రీలలో సుమారు 355. శ్రోతలు ఈ లెక్కను కాస్త జ్ఞాపకం ఉంచుకోవాలని కోరుతున్నాము. తరువాత దీనితో పని పడుతుంది.

గోదావరి మీద లాంచీ పోతున్నప్పుడు దాని ముక్కు నుండి రెండు వైపులకూ బాణపు ములికి ఆకారంలో అల విప్పుకొని గట్టును తాకడం మనం చూస్తాము. నీటి అలలు నడిచే వేగం కంటె లాంచీ వేగం ఎక్కువ కావడం వలన అవి ముందుకు పోలేక, ఒకదాని మీద ఒకటి పేరుకొని అటువంటి రూపం దాలుస్తాయి. శబ్దవేగాన్ని మించి పోయే గుండు గాలిలో చేసే పని కూడ ఇటువంటిదే. అది తన చుట్టూ శంకువు ఆకారంలో ఒక ఆఘాత తరంగాన్ని లాగుకొంటూ పోతుంది. ఆ శంకువు అంచు మన చెవిని దాటినప్పుడు ‘ఫెళ్’ మంటుంది. బండివాని చెర్నాకోల దేనినీ తాకకుండానే గాలిలో చేసే చప్పుడు ఈ జాతిదే. కొరడా కొస శబ్దవేగాన్ని మించి కదులుతుందని 1958లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు అతివేగపు ఛాయాచిత్రాలు తీసి చూపినారు. బోనాల పండుగనాడు పోతరాజు కొరడా ఝళిపించినప్పుడు పక్కన ఉన్న పిల్లలు చెవులు మూసుకొనేది ఒక చిన్న ఆఘాత తరంగానికే అన్నమాట.

దీనిని మొదట కంటికి చూపినది ఒక యుద్ధానంతర వివాదం. 1870-71లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు జరిగిన యుద్ధంలో కొందరు సైనికుల గాయాలు గుంటలు పడినట్లు వికారంగా కనిపించినవి. చిన్న ఆయుధాలలో పేలుడు గుండ్లు వాడరాదని దేశాలు 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గులో ఒడంబడిక చేసుకొని ఉన్నవి. ఫ్రెంచివారు ఆ మాట తప్పినారని అపవాదు పుట్టినది. గుండు తన ముందు గాలిని అదిమి తీసుకొనిపోతుందని, ఆ గాలి దెబ్బే ఈ గాయాలకు కారణమని బెల్జియం శాస్త్రజ్ఞుడు లూయీ మెల్సెన్స్ ఊహించినాడు. ఆ ఊహ ప్రేగులో ఆచార్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ మాక్‌ను ఆకర్షించినది. ఆయన సూచన మీద 1886లో ఏడ్రియాటిక్ తీరాన ఫ్యూమే పట్టణంలో పేటర్ సాల్షర్ అనే ఆచార్యుడు, పోతున్న గుండును విద్యుత్ మెరుపు వెలుగులో ఛాయాచిత్రం తీసినాడు. ఆ పట్టణమే నేటి క్రొయేషియాలోని రియేకా. చిత్రంలో గుండుతోపాటు దాని ముక్కు దగ్గర నుండి వెనుకకు వాలిన తరంగం, గీత గీసినట్లు స్పష్టంగా పడినది. ఈ ఫలితాలు 1887లో వెలువడినవి. విమానాల వేగాన్ని నేడు ‘మాక్’ సంఖ్యలలో చెప్పడం ఈ మాక్ పేరిటనే. 1947 అక్టోబరు 14న మొదటిసారిగా సమతల ప్రయాణంలో శబ్దవేగాన్ని దాటిన బెల్ ఎక్స్-1 విమానానికి .50 అంగుళపు మరతుపాకి గుండు ఆకారాన్ని ఇచ్చినారు. ఎందుకనగా, ఆ వేగంలో తిన్నగా పోగలదని మనిషికి అప్పటికి రూఢిగా తెలిసిన వస్తువు గుండు ఒక్కటే.

ఇక అణచే పరికరం సంగతి. సైలెన్సరు అనగానే మన ఊళ్ళలో మోటారు సైకిలు పొగగొట్టం గుర్తుకు వస్తుంది. తుపాకి సైలెన్సరు దానికి దూరపు చుట్టం కాదు, సాక్షాత్తు తోబుట్టువే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డు నగరంలో నివసించిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు ఈ రెండింటి మీదా ఒకే కాలంలో, ఒకే ఆలోచనతో పనిచేసినాడు. తొట్టి అడుగు రంధ్రం నుండి స్నానపు నీరు సుడి తిరుగుతూ నిదానంగా దిగడం చూచి, వాయువును కూడ ఇదేవిధంగా సుడి తిప్పితే అది ఒక్కుమ్మడిగా బయటపడదు గదా అని ఆయనకు తోచినదని చెబుతారు. 1909లో ఆయనకు పేటెంటు లభించినది. గొట్టం మూతికి బిగించే మరొక లావుపాటి గొట్టం అది. లోపల వరుసగా పలకలు. ప్రతి పలక నడుమ గుండు పట్టేటంత రంధ్రం. గుండు ఆ రంధ్రాల గుండా తిన్నగా పోతుంది. దాని వెనుక వచ్చే వాయువు పలకలకు తగిలి, పక్క గదులలోనికి తిరిగి, కొంత వేడిని లోహానికి వదలి, బలం తగ్గిన తరువాత బయటికి వస్తుంది.

ఈ పరికరం చేయగలిగినది ఇంతవరకే. బయటికి పోయిన గుండు మీద దానికి అధికారం లేదు. గుండు శబ్దవేగాన్ని మించి పోతున్నంతకాలం దారి పొడవునా ‘ఫెళ్’ మంటూనే ఉంటుంది. అందువలననే సైలెన్సరు వాడేవారిలో కొందరు మందగతి తూటాల వైపు మొగ్గినారు. మందగతి అంటే తాబేలు నడక కాదు. సెకండుకు 300 మీటర్లు పోయే గుండును కంటితో చూడగలమా? శబ్దం కంటె కొంచెం వెనుకబడి ఉండడమే దాని మందగతి.

నల్లమందు కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. ఆ మందు గుండుకు ఇచ్చే వేగం శబ్దవేగానికి అటూ ఇటూగానే ఉండేది. 1884లో ఫ్రాన్సులో పోల్ వియ్యె పొగలేని మందు కనిపెట్టినాడు. 1886లో లెబెల్ రైఫిలు దానిని వాడుకొని సెకండుకు 600 మీటర్లు దాటినది. అటు తరువాత తుపాకులు, తూటాలు, కర్మాగారాలు అన్నీ వేగం వెంటనే పరుగెత్తినవి. మెల్లగా పోయే తూటా కావాలంటే దుకాణంలో దొరకడం అరుదైనది. కనుక దానిని ఎవరికి వారు తయారుచేసుకొనే అలవాటు అమెరికాలో పెరిగినది.

తూటాలను చేతితో నింపుకోవడం అక్కడ పాత విద్యే. 1870 ప్రాంతాలలో పడమటి మైదానాలలో అడవిదున్నలను వేటాడినవారు వాడిన ఇత్తడి డొప్పలను పారవేయక, రాత్రి మంట దగ్గర కూర్చుండి సీసం కరగించి, గుండ్లు పోసి మళ్ళీ నింపుకొనేవారు. తూటాలో ఎక్కువ వెల గలది డొప్పే, మిగిలినవన్నీ ఒక్కసారికే. నేటివారు ఇంటి వెనుక గదిలో బల్ల వేసుకొని ఆ పనిని నగ చేసినంత ఓర్పుతో చేస్తారు. వాడిన టోపీని తీసివేయడం, వ్యాకోచించిన డొప్పను అచ్చులో నొక్కి మొదటి కొలతకు తేవడం, కొత్త టోపీ పెట్టడం, మందు తూచి పోయడం, గుండు బిగించడం - వరుస ఇంతే. తూనికకు వారు వాడే మానం గ్రెయిను. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, అనగా మన కంసాలి తూచే గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. ఆ సగంలో పదవ వంతు తేడాను కూడ వారు లెక్కలోనికి తీసుకొంటారు. మందు రకాలు, పాళ్ళు చెప్పడం ఈ ప్రసంగం పని కాదు. ఆ పని ఎందుకంత కష్టమో చెప్పడమే మా ఉద్దేశం.

వేగం తగ్గించాలంటే మందు తగ్గించితే చాలునని ఎవరికైనా తోచవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది. నిండుగా మందు పట్టే డొప్పలో కొద్ది మందు పోస్తే మిగిలినదంతా ఖాళీ. తుపాకి మూతి క్రిందికి వంచితే మందు ముందుకు జారుతుంది. పైకి ఎత్తితే టోపీ దగ్గరకు చేరుతుంది. టోపీ నుండి పుట్టిన నిప్పు ఒకసారి మందును వెంటనే అందుకొంటుంది, ఒకసారి ఖాళీలో వెదుకుకోవలసి వస్తుంది. కాబట్టి ఒకే తూనికతో నింపిన రెండు తూటాలు రెండు వేగాలతో పోవచ్చు. మందు మరీ తక్కువైతే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. కాల్చినవానికి ఆ సంగతి తెలియక రెండవ తూటా పేల్చితే గొట్టమే పగలవచ్చు. దీనికి సరిగా ఎదురైన అపాయం మరొకటి ఉన్నది. డొప్పలో మందు అడుగున మాత్రమే ఉంటుంది గనుక, ఏమరుపాటున రెండుసార్లు పోసినా పొంగి పొర్లదు, పైకి తేడా కనిపించదు. నిండుగా పట్టే తూటాలో ఆ పొరపాటు కంటికి వెంటనే తెలిసిపోతుంది, ఇక్కడ తెలియదు. ఈ రెండు అపాయాల మధ్య నడిచే మనిషికి త్రాసు మీద ఎంత నమ్మకం ఉన్నా, ప్రతి డొప్పలోనికి దీపం పెట్టి తొంగి చూచే అలవాటు కూడ ఉండి తీరాలి.

వేగం పోగొట్టుకొన్న గుండుకు బరువైనా ఉండాలి. లేకపోతే అది చేసే పని ఏమీ ఉండదు. గొట్టం వెడల్పు మారదు గనుక, బరువు పెరగాలంటే గుండు పొడుగు కావాలి. పొడుగైన గుండు తిన్నగా పోవాలంటే ఎక్కువగా తిరగాలి. జాలి చాలని బొంగరం ఎట్లా తూలుతుందో, తిరుగుడు చాలని గుండు అట్లా తూలుతుంది. గొట్టం లోపలి మరచుట్లు ఎంత బిగువుగా ఉండాలో లెక్క కట్టే సూత్రాన్ని ఇంగ్లండులో వుల్లిచ్ ఆచార్యుడు గ్రీన్‌హిల్ 1879లోనే ఇచ్చినాడు. తూలే గుండు గురి తప్పితే అది ఒక నష్టం. సైలెన్సరు లోపలనే తూలి పలకలకు తగిలితే పరికరమూ పోతుంది, దగ్గర ఉన్న మనిషికీ ముప్పు. ఈ చిక్కులన్నీ ఆలోచించి, 1990 తరువాత అమెరికాలో కొందరు చిన్న డొప్ప, పెద్ద గుండు గల తూటాలను ప్రత్యేకంగా రూపొందించినారు. .300 బ్లాక్‌ఔట్ అనేది వాటిలో ప్రసిద్ధమైనది. దానిలో 14 గ్రాముల పైచిలుకు గుండు సెకండుకు 310 మీటర్ల ప్రాంతంలో పోతుంది.

మొదట చెప్పిన వేడి లెక్క ఇప్పుడు అవసరం. 20 డిగ్రీలలో శబ్దవేగం 343 గదా, 335 మీటర్లతో పోయేటట్లు తూటా నింపుకొంటే చాలునని అనుకొన్నవాడు, మంచు కురిసే ఉదయాన అదే తూటాను పేల్చితే ‘ఫెళ్’ మని వింటాడు. అక్కడ శబ్దవేగం 331కి, ఇంకా చలి ముదిరితే 320కి దిగి ఉంటుంది. చలిలో మందు కూడ కొంత మందగిస్తుంది గనుక ఆ రెండూ సరిపోతాయని కొందరు వాదిస్తారు. మందుల స్వభావం ఒక్క తీరున లేదు, ఆ ధైర్యం మంచిది కాదు. పైగా శబ్దవేగానికి మరీ దగ్గరగా పోయే గుండు తాను వెనుకబడి ఉన్నా, దాని భుజాల చుట్టూ ఒరుసుకొని పోయే గాలి మాత్రం శబ్దవేగాన్ని దాటుతుంది. ఆ సంధిలో గుండు నడక కూడ చెదురుతుంది. అందుచేత అనుభవజ్ఞులు 320 మీటర్ల లోపుననే ఆగుతారు.

ఇంత సూక్ష్మమైన వేగాలను కొలిచేది ఎట్లాగని సందేహం కలుగవచ్చు. నేడు విద్యుత్ సాధనాలున్నవి. రేడారుతో కూడ కొలుస్తున్నారు. మొదటగా కొలిచినవాడు మాత్రం బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. బరువైన కొయ్య దిమ్మెను లోలకంగా వ్రేలాడదీసి, దానిలోనికి గుండు పేల్చి, అది ఎంత ఊగినదో చూచి వేగం లెక్కకట్టినాడు. ఆ గ్రంథం 1742లో వెలువడినది. గుండు శబ్దవేగాన్ని సమీపించేటప్పటికి గాలి నిరోధం అకస్మాత్తుగా పెరుగుతున్నదని కూడ ఆయనే గమనించినాడు. మాక్ పుట్టడానికి సుమారు వంద సంవత్సరాల ముందే. ఈ రాబిన్స్ తరువాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు జనరలుగా కోటలను బాగుచేయించడానికి మన దేశం వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించినాడు.

మందగతికి చెల్లించే మూల్యం తక్కువ కాదు. గుండు శక్తి దాని వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది. 8 గ్రాముల గుండు 800 మీటర్ల వేగంతో పోతే దానిలో 2,560 జౌల్స్ శక్తి. 300 మీటర్లతో పోతే 360 మాత్రమే. బరువైన 14 గ్రాముల గుండును ఎంచుకొన్నా 310 మీటర్ల వద్ద 700 జౌల్స్ దాటదు. గుండు నేలకు జారే లెక్క కూడ చూడండి. 850 మీటర్ల వేగంతో పోయే గుండు నూరు మీటర్ల దూరంలో ఏడు సెంటీమీటర్లు జారుతుంది. 310 మీటర్లతో పోయేది అర మీటరు దాటి జారుతుంది. దూరాన్ని తప్పుగా అంచనా వేస్తే గుండు చేరవలసిన చోటు చేరదు. కాగితపు గురి అయితే ఒక మార్కు పోతుంది. జింక అయితే కడుపులో గాయంతో పొదలలోనికి పోయి ఏ రాత్రికో చస్తుంది. పెద్ద మృగాల వేటకు మందగతి తూటా తగినది కాదనే మా అభిప్రాయం. సైలెన్సరు వాడకం సర్వసాధారణమైన ఫిన్లాండు, నార్వే వంటి దేశాలలో సైతం వేటగాళ్ళలో అధికులు మామూలు వేగపు తూటాలే వాడుతారు. ‘ఫెళ్’ చప్పుడు మిగిలినా, చెవి దగ్గరి ‘ధన్’ తగ్గితే వారికి చాలును.

మందగతికి నిజమైన గౌరవం దొరికినది వేటలో కాదు, పందెపు గురిలో. ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిలు పోటీకి వాడే .22 తూటా శబ్దవేగం లోపుననే పోతుంది. అక్కడ చప్పుడు ప్రశ్న కాదు. శబ్దవేగాన్ని దాటి మళ్ళీ దానిలోనికి దిగే గుండు దారిలో చెదురుతుంది గనుక, మొదటి నుండి లోపల ఉంచడమే మేలని గ్రహించినారు. 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యం గెలిచిన హైదరాబాదు వాసి గగన్ నారంగ్ ఈ 50 మీటర్ల పోటీలలో కూడ పాల్గొన్నాడు.

యుద్ధంలో వాడిన ఉదాహరణ ఒకటి చెప్పి ఊరుకొంటాము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ కమాండోలకోసం విలియం డి లైల్ అనే ఇంజనీరు .45 పిస్తోలు తూటాను కాల్చే చిన్న రైఫిలును తయారుచేసినాడు. ఆ గుండు 15 గ్రాముల బరువుతో సెకండుకు 250 మీటర్లే పోతుంది. అది పుట్టుకతోనే మందగతి. చేసినవి నూటముప్పయి వరకు మాత్రమే. పేలిన చప్పుడు కంటె తరువాత బోల్టు లాగిన చప్పుడే ఎక్కువగా వినిపించేదని దానిని గురించి చెప్పుకొంటారు.

సినిమాలలో మాత్రం ఏ తుపాకికి సైలెన్సరు తగిలించినా పిల్లి తుమ్మినట్లు వినిపిస్తుంది. అది శబ్దముద్రణ చేసేవారి కల్పన. ఈ విషయంలో రేడియోవారు మరీ నిర్దోషులు కారు. నాటకంలో తుపాకి పేలవలసి వచ్చినప్పుడు స్టుడియోలో బెత్తంతో తోలు దిండు మీద కొట్టడం మా వృత్తిలో పాత ఉపాయం. నిజమైన తుపాకి చప్పుడును మైక్రోఫోను మ్రింగలేదు.

మనిషి చెవి కూడ మ్రింగలేదు. రైఫిలు చప్పుడు కాల్చేవాని చెవి దగ్గర 160 డెసిబెల్స్ వరకు ఉంటుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. పది పెరిగితే శక్తి పది రెట్లు పెరిగినట్లు. 140 దాటిన ఒక్క పేలుడు చాలు, చెవికి శాశ్వతంగా హాని చేయడానికి. మంచి సైలెన్సరు 30 డెసిబెల్స్ వరకు తగ్గించగలదు. అనగా ధ్వనిశక్తిలో వేయింట ఒక వంతు మిగులుతుంది. అయినా 130 మిగిలినదంటే అది తుమ్ము కాదు, గట్టి పేలుడే. మన ఇళ్ళలో ఈ లెక్కకు దగ్గరగా వచ్చేది దీపావళి. నాలుగు మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్ శిఖరస్థాయిని దాటే టపాకాయలను 1999లో కేంద్ర ప్రభుత్వం నిషేధించినది. నాలుగు మీటర్లు అన్న మాట గమనించదగినది. చేతిలో టపాకాయ వెలిగించి విసిరే కుర్రవాని చెవి అంత దూరంలో ఉండదు.

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒక్కొక్క చెవికి పదిహేను వేల ప్రాంతంలో ఉంటాయి. ఒకసారి చచ్చినది మళ్ళీ మొలవదు. కోడిపిల్లలకు ఇవి మళ్ళీ మొలుస్తాయని 1980ల చివర శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మనిషికి ఆ భాగ్యం లేదు. తుపాకి మ్రోతకు ముందుగా పోయేది సెకండుకు 4,000 కంపనాల ప్రాంతపు ధ్వనులు. అచ్చులు బాగానే వినిపిస్తాయి. స, ష, చ వంటి హల్లులు జారిపోతాయి. అటువంటివారు రేడియో ముందు కూర్చుండి, “వినబడుతున్నది గాని ఏమంటున్నారో తెలియడం లేదు” అంటారు. శబ్దం పెంచినందువలన వారికి అట్టే లాభం లేదు. కుడిచేతి వాటం గలవారు తుపాకి పట్టినప్పుడు ఎడమ చెవి గొట్టం మూతి వైపుకు వస్తుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. కనుక వారికి ముందుగా మందగించేది ఎడమ చెవి.

హైరమ్ పెర్సీ మాక్సిమ్ తండ్రి పేరు వినని సైనికుడు ఆనాడు ప్రపంచంలో లేడు. సర్ హైరమ్ మాక్సిమ్, 1884లో మాక్సిమ్ మరతుపాకిని కనిపెట్టినవాడు. నిమిషానికి ఆరు వందల తూటాలు పేల్చే ఆ యంత్రాన్ని రాజుల ముందు, సేనానుల ముందు ఏండ్ల తరబడి పేల్చి చూపి, చివరకు పూర్తిగా చెవిటివాడైనాడు. కుటుంబాన్ని అమెరికాలో వదలి ఇంగ్లండులో స్థిరపడిన ఆ తండ్రితో కుమారునికి కలిసి ఉన్న రోజులు బాల్యంలోవే ఎక్కువ. తండ్రి చెవుడే కుమారుని పరికరానికి ప్రేరణ అని చెప్పడానికి మాకు ఆధారం లేదు. తండ్రి మ్రోత పెంచినాడు, కుమారుడు తగ్గించినాడు. ఇంతవరకు మాత్రం చరిత్ర.

ఆ పరికరం అమెరికాలో మొదట టపాలో తెప్పించుకొనే సరుకుగా అమ్ముడుపోయినది. దొంగలకు, హంతకులకు ఉపయోగిస్తుందనే భయంతో 1934 నాటి చట్టం దాని మీద 200 డాలర్ల పన్ను విధించినది. ఆ రోజులలో అనేక రైఫిళ్ళు అంతకంటె చవుక. తొంబదేండ్లకు పైగా ఆ అంకె మారలేదు; 2026 జనవరి 1 నుండి పన్నును సున్న చేసినారు, నమోదు నిబంధన మాత్రం నిలిచినది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం తుపాకి చప్పుడును గాని మెరుపును గాని తగ్గించడానికి చేసిన పరికరాన్ని కూడ ఆయుధం అన్న నిర్వచనంలోనే చేర్చినది. తూటాలను అనుమతి లేకుండ తయారుచేయడం కూడ నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని అనుసరించి నేడు వేట అనే వినోదమే మనకు లేదు. కనుక పైన చెప్పిన బల్ల, త్రాసు, డొప్పలు మన శ్రోతలకు తెలుసుకొనే విషయాలేగాని చేసే పనులు కావు.

మాక్సిమ్ కంపెనీ తరువాత తుపాకులను వదలి ఇంజన్ల మ్రోతను, కర్మాగారాల మ్రోతను అణచే పరికరాలు చేయడానికి మళ్ళినది. ఆయన మనస్సు అప్పటికే మరొక వైపు తిరిగి ఉన్నది. 1914లో ఒకనాటి రాత్రి హార్ట్‌ఫర్డు నుండి ముప్పయి మైళ్ళ దూరపు స్ప్రింగ్‌ఫీల్డుకు రేడియోలో సందేశం పంపబోతే ఆయన యంత్రపు శక్తి చాలలేదు. నడుమనున్న విండ్సర్ లాక్స్‌లో ఒక మిత్రుడు దానిని అందుకొని ముందుకు పంపినాడు. ఇటువంటి మిత్రులు దేశమంతటా వరుసగా ఉంటే సందేశం ఎంత దూరమైనా పోతుంది గదా అనే ఊహతో, ఆ సంవత్సరమే ఆయన, క్లారెన్స్ టస్కా కలిసి అమెరికన్ రేడియో రిలే లీగును స్థాపించినారు. 1925లో పారిసులో ఏర్పడిన అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సమాఖ్యకు మొదటి అధ్యక్షుడు ఆయనే. మన హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కూడ ఈ ఉద్యమపు కొమ్మలలో ఒకటి. మాక్సిమ్ 1936లో మరణించినాడు. ఆయన స్వంత పిలుపు గుర్తు డబ్ల్యు 1 ఎ డబ్ల్యు. కనెక్టికట్‌లోని న్యూయింగ్టన్‌లో ఉన్న లీగు కేంద్రం నేటికీ ఆ గుర్తుతోనే, కొత్తగా నేర్చుకొనేవారి చెవులకోసం మోర్సు పాఠాలను ప్రసారం చేస్తున్నది.